ఆల్ఫా జూలియా క్వాడ్రిఫోలియోతో ఆరేళ్ళు: రోజువారీ కారుగా పనికొస్తుందా?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియో చూశాను, బాగా నచ్చింది. ఆఫీసుకు రానూపోనూ 50 కిలోమీటర్లు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇటాలియన్ కార్లు రోడ్డు మీద కంటే వర్క్‌షాపులోనే ఎక్కువ ఉంటాయని అందరూ భయపెడుతున్నారు. ఈ ఒక్క కారుతోనే నెట్టుకురావచ్చా? వాడినవాళ్ళు ఉంటే చెప్పగలరు.

జవాబు:

నెట్టుకురావచ్చు. నేను ఆరేళ్ళుగా చేస్తున్నది అదే. నాది 2017 మోడల్, ఆటోమేటిక్. కొన్నప్పుడు మీటరు 19 వేలు చూపించింది, ఇప్పుడు 94 వేలు దాటింది. ఇంట్లో ఇంకో కారు లేదు. ఆఫీసు, స్కూలు, కూరగాయలు, ఊరి ప్రయాణాలు, అన్నీ దీంట్లోనే. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకోండి. చూడటానికి నాలుగు తలుపుల సెడాన్ కాబట్టి సెడాన్‌లాగే తాళం తిప్పి వెళ్ళిపోదామనుకుంటే ఇది సహించదు. ఈ కారు మన డబ్బు కంటే ముందు మన ధ్యాస అడుగుతుంది. అది ఇవ్వగలిగితే మిగతా విషయాల్లో మీరు విన్నంత మొండిది కాదు.

భయపెట్టేవాళ్ళ సంగతి కూడా చెబుతాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఇటాలియన్ కారు అనగానే 1970ల నాటి తుప్పు కథలు మొదలుపెడతారు. వాళ్ళలో చాలామంది ఈ కారు డోరు కూడా తీసి ఉండరు. అలాగని ఇది ఏ జపాన్ కారులాగానో పట్టించుకోకపోయినా పదేళ్ళు నడుస్తుందని నేను చెప్పను.

ముందు వస్తువు ఏమిటో చూద్దాం. జూలియా ఆల్ఫా వాళ్ళ సెడాన్, క్వాడ్రిఫోలియో దానిలో బాగా శక్తివంతమైన స్పోర్ట్స్ రకం. ఇది బయటికి వచ్చింది 2015 జూన్ 24న, మిలాన్ పక్కన ఆరేసేలో ఉన్న ఆల్ఫా మ్యూజియంలో. 1910లో కంపెనీ పుట్టింది కూడా జూన్ 24నే. కారు తయారయ్యేది కస్సీనోలో, ఈ ఇంజిన్ తయారయ్యేది తెర్మోలిలో. 2,891 సీసీ, వీ ఆకారంలో ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 510 హార్స్ పవర్, 600 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ టార్క్ అంతా 2,500 ఆర్‌పీఎం నుంచే చేతికొస్తుంది. సున్నా నుంచి వందకు 3.9 సెకన్లు, టాప్ స్పీడ్ 307. అమ్మేవాళ్ళు "ఫెరారీ ఇంజిన్ సార్" అంటారు. ఇంజినీరింగ్‌లో ఫెరారీ చెయ్యి ఉన్నమాట నిజమే, కారు డెవలప్‌మెంట్ నడిపించిన ఫిలిప్ క్రీఫ్ కూడా ఫెరారీ నుంచి వచ్చినవాడే. అంతమాత్రాన ఫెరారీ బానెట్ ఎత్తి ఇంజిన్ తెచ్చి ఇందులో దించలేదు. అలాంటి పని నిజంగా చేసినది లాంచియా అనే ఇంకో ఇటాలియన్ కంపెనీ. 1986లో వచ్చిన థేమా 8.32 సెడాన్‌లో ఫెరారీ వీ8 పెట్టారు, వైపర్ కాడ చివర తిప్పితే డిక్కీలోంచి స్పాయిలర్ లేచేది. అది ముచ్చటైన పిచ్చి. మీరు చూస్తున్నది అంతకంటే తెలివైన కారు.

510 అన్న అంకె చూసి కొనాలనిపిస్తుంది కానీ, ఆరేళ్ళ తర్వాత కూడా నన్ను దీంట్లో కూర్చోబెట్టేది ఆ అంకె కాదు, స్టీరింగ్. దీని రేషియో 11.8, అంటే చక్రం ఒక డిగ్రీ తిరగడానికి స్టీరింగ్ 11.8 డిగ్రీలు తిప్పాలి. మామూలు సెడాన్లలో 14, 15 ఉంటుంది. అంటే వాటిలో చేతులు మార్చుకుంటూ తిప్పే మలుపు ఇందులో మణికట్టుతో అయిపోతుంది. మొదటి వారం నేను ప్రతి మలుపులోనూ ఎక్కువ తిప్పేసి, మళ్ళీ వెనక్కి సర్దుకునేవాణ్ణి. పక్కన కూర్చున్న మా ఆవిడ "నిద్రొస్తోందా?" అని అడిగింది. రెండో వారానికి చెయ్యి కుదురుకుంది. ఇప్పుడు వేరే కారు ఎక్కితే స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య రబ్బరు గొట్టమేదో ఉన్నట్టు అనిపిస్తుంది. 40లో వెళ్ళేటప్పుడు కూడా ఈ తేడా తెలుస్తుంది. స్పోర్ట్స్ కారు సుఖం 200 దాటితేనే దక్కేదైతే రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళి లాభమేముంది?

రెండోది సస్పెన్షన్. గేర్ లివర్ దగ్గర డి, ఎన్, ఏ అని తిప్పే బిళ్ళ ఉంటుంది. డి అంటే డైనమిక్, ఎన్ అంటే నాచురల్, ఏ అంటే అడ్వాన్స్‌డ్ ఎఫిషియెన్సీ. క్వాడ్రిఫోలియోలో వీటిపైన రేస్ అని ఇంకొకటి. ఆ బిళ్ళ మధ్యలో డ్యాంపర్ (కుదుపులు అణిచే షాక్ అబ్జార్బర్) బొమ్మతో చిన్న బటన్ ఉంటుంది. ఇంజిన్, స్టీరింగ్ చురుగ్గా ఉంచుకుని డ్యాంపర్లను మాత్రం మెత్తబరచడానికి అది. గతుకుల రోడ్డు మీద దాని విలువ తెలుస్తుంది. ఎన్‌లో పెట్టి వదిలేస్తే నడుము నొప్పి లేకుండా 500 కిలోమీటర్లు వెళ్ళిపోవచ్చు. ఇంత పదునైన కారు ఇంత మెత్తగా ఎలా పోతుందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రేస్ మోడ్ గురించి ఒక హెచ్చరిక. అందులోకి తిప్పగానే కారు జారి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆగిపోతుంది. సైలెన్సర్ శబ్దం బాగుంటుందని తిప్పేవాళ్ళను చూశాను. 600 న్యూటన్ మీటర్లు వెనక రెండు చక్రాలకే వెళ్తాయన్న సంగతి తడి రోడ్డు మీద వాళ్ళకు గుర్తుండదు. శబ్దం కావాలంటే డైనమిక్ చాలు.

ఇక టైర్లు. కాస్త వివరంగా చెప్పాల్సింది వీటి గురించే. ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి పిరెల్లి పీ జీరో కోర్సా. ముందు 245/35, వెనక 285/30, రెండూ 19 అంగుళాలు. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చి ఆయుష్షు పొడిగించే ఉపాయం ఇక్కడ కుదరదు. వెచ్చని పొడి రోడ్డు మీద వీటి పట్టు అద్భుతం. చలిలో రబ్బరు గట్టిపడుతుంది. నీళ్ళు నిలిచిన రోడ్డు మీదైతే వీటిని అస్సలు నమ్మకండి, టైరు మీద గాడులు తక్కువ కాబట్టి నీళ్ళు బయటికి నెట్టలేవు.

కారు కొన్న మర్నాడు పొద్దున్నే చలిలో బేస్‌మెంట్ పార్కింగ్ నుంచి రివర్స్ తీస్తున్నాను. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంది. ముందు చక్రాల దగ్గర టక్, టక్, టక్ మని ఎవరో కింద నుంచి తంతున్నట్టు కారు ఎగిరెగిరి పడింది. సస్పెన్షన్ విరిగిందేమోనని గుండె ఆగినంత పనైంది. ఆపి, దిగి, వంగి చూశాను. ఏమీ లేదు. తర్వాత తెలిసింది, ఇది రిపేరు కాదు, ఈ కారు జ్యామితి. వేగంగా వెళ్ళే మలుపుల్లో బాగుండాలని ముందు చక్రాల కోణాలు అమర్చారు. స్టీరింగ్ చివరిదాకా తిప్పి నెమ్మదిగా వెళ్ళేటప్పుడు లోపలి చక్రం తిరగాల్సినంత తిరగదు, అందుకని టైరు దొర్లకుండా పక్కకు ఈడ్చుకుపోతుంది. వెడల్పాటి గట్టి టైరు, దానికి తోడు చల్లటి రబ్బరు. కాస్త పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకుంటుంది. ఆ టక్ టక్ అదే. టైరు వేడెక్కితే తగ్గుతుంది. స్టీరింగ్ చివరి పావు వంతు వదులుగా ఉంచి తిప్పుకోవడం అలవాటు చేసుకుంటే దాదాపు వినిపించదు. టెస్ట్ డ్రైవ్‌లో ఇది వినపడి భయపడి వెళ్ళిపోయినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

వెనక టైర్లు నా చేతిలో మొదటి జత 14 వేలకే అయిపోయాయి. తర్వాత మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి మారాను. వాన రోడ్ల మీద టెన్షన్ పోయింది, పార్కింగ్‌లో టక్ టక్ కూడా బాగా తగ్గింది, జత 20 వేల పైనే వస్తోంది. రేస్ ట్రాక్‌కి వెళ్ళని మీలాంటివాళ్ళకు నా సలహా అదే. చలి ఎక్కువగా ఉండే చోటైతే వింటర్ టైర్లు విడిగా కొనుక్కోండి, బేరం లేదు. టైరు లోపలి అంచు బయట నుంచి కనబడదు, అక్కడే ముందు అరుగుతుంది. నెలకోసారి స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి టార్చి వేసి చూస్తాను. స్టెపినీ లేదు, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. సైడ్ వాల్ చిరిగితే ఆ కిట్ దేనికీ పనికిరాదు, కాబట్టి టోయింగ్ ఉన్న బీమా తీసుకోండి.

టైర్ల తర్వాత బ్యాటరీ. నా తప్పుతోనే నేర్చుకున్న పాఠం ఇది. ఒకసారి మూడు వారాలు ఊళ్ళో లేను. వచ్చి బటన్ నొక్కితే స్టార్టయితే అయింది గానీ, డ్యాష్‌బోర్డ్ మీద ఒకదాని వెనక ఒకటి హెచ్చరికలు. స్టీరింగ్, బ్రేకు, స్టెబిలిటీ, సస్పెన్షన్, హిల్ హోల్డ్, ఇంజిన్ దీపం. ఏదో పెద్ద బోర్డే కాలిపోయిందనుకుని టోయింగ్ బండి పిలిపించి వర్క్‌షాపుకు పంపాను. అక్కడి కుర్రాడు కంప్యూటర్ కూడా తగిలించకముందే డిక్కీ తీసి, బ్యాటరీకి మీటర్ పెట్టి నాకు చూపించాడు. 11.6 వోల్టులు. రాత్రంతా చార్జింగ్ పెట్టి, కంప్యూటర్‌లో నమోదైన పాత ఎర్రర్ కోడ్లు చెరిపేసి పంపారు. మళ్ళీ ఒక్క దీపం వెలగలేదు.

ఇలా ఎందుకవుతుందంటే, ఇప్పటి కార్లలో పదుల కొద్దీ కంట్రోల్ యూనిట్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. స్టార్టర్ తిరిగే క్షణంలో వోల్టేజీ ఒక్కసారి కిందికి పడుతుంది. బ్యాటరీ బాగుంటే ఆ పతనం చిన్నది. నీరసంగా ఉంటే ఒకటో రెండో యూనిట్లు ఆ క్షణంలో సొమ్మసిల్లిపోతాయి. మిగతావి "వీడు పలకడం లేదు" అని తలా ఒక ఫిర్యాదు రాసేస్తాయి. మనకు కనపడేది ఆ ఫిర్యాదుల చిట్టా, జబ్బు మాత్రం ఒకటే. అప్పటి నుంచి వారం మించి కారు ఆగుతుందంటే బ్యాటరీని నెమ్మదిగా నింపుతూ ఉంచే ట్రికిల్ చార్జర్ తగిలించి పోతాను. నాలుగేళ్ళు దాటిన బ్యాటరీని అది చచ్చేదాకా ఆగకుండా మార్చేస్తాను, అదీ ఆసిడ్‌ను గాజు పీచులో పట్టి ఉంచే ఏజీఎం రకమే. ఎవరైనా "ఎలక్ట్రానిక్స్ అంతా పాడు" అంటే ముందు బ్యాటరీ వయసు అడగండి.

మూడో అలవాటు వేడి. ఇంజిన్ ఆయిల్ ఉష్ణోగ్రత స్క్రీన్ మీద చూడొచ్చు. అది 80 డిగ్రీలు చూపించేదాకా నేను 3,000 ఆర్‌పీఎం దాటించను. కూలెంట్ త్వరగా వేడెక్కుతుంది, ఆయిల్ నిదానంగా ఎక్కుతుంది. కూలెంట్ సూది మధ్యకు రాగానే తొక్కేస్తే టర్బో బేరింగులకు చల్లటి చిక్కటి ఆయిలే దిక్కు. మీ ఆఫీసు ఒకవైపు 25 కిలోమీటర్లు కాబట్టి ఇబ్బంది లేదు. రోజూ మూడు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసేవాళ్ళకైతే ఈ కారు వద్దనే చెబుతాను. బాగా తోలి వచ్చినప్పుడు చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపుతాను. ఆయిల్ ఏడాదికోసారి, కిలోమీటర్లు ఎన్ని తిరిగినా సరే. గ్రేడు విషయంలో మాన్యువల్‌లో ఉన్నది తప్ప ఎవరి సలహా వినకండి, నాది కూడా.

పెట్రోల్ గురించి అడగలేదు కానీ అడుగుతారు. ట్రాఫిక్‌లో లీటరుకు ఆరు, హైవే మీద పది, పదకొండు. ‘ఏ’ (అడ్వాన్స్‌డ్ ఎఫిషియెన్సీ) మోడ్‌లో తేలిగ్గా నడిపితే ఆరు సిలిండర్లలో మూడింటిని ఆపేసుకుంటుంది. ట్యాంకు 58 లీటర్లే, అందుకని బంకు మనిషి మనల్ని పేరు పెట్టి పిలిచే రోజు త్వరగానే వస్తుంది.

పిల్లల విషయం. వెనక ఇద్దరు పిల్లలకు చోటు సరిపోతుంది, డిక్కీ 480 లీటర్లు, స్ట్రోలర్ పడుతుంది. వెనక తలుపు తెరుచుకునే చోటు మాత్రం ఇరుకు. పసిపిల్లల సీటు బిగించేటప్పుడు మొదటి నెల రోజులు తల కొట్టుకోని రోజు లేదు నాకు. కార్బన్ చిప్పతో వచ్చే స్పార్కో సీట్లు ఆప్షన్‌గా ఉండేవి. ఫొటోల్లో ఎంత అందంగా ఉంటాయో, రోజూ ఎక్కి దిగేటప్పుడు అంత విసుగు. పిల్లలున్న ఇంటికి మామూలు లెదర్ సీట్లే మేలు. మా అమ్మాయి ఆ ‘ఏ’ మోడ్‌కి "నిద్ర మోడ్" అని పేరు పెట్టింది. స్కూలు గేటు దగ్గరికి రాగానే "నాన్నా, నిద్ర పెట్టు" అంటుంది, దాని స్నేహితులు చెవులు మూసుకుంటున్నారట.

ముందు బంపర్ కింద కార్బన్ స్ప్లిటర్ ఉంటుంది. వేగాన్నిబట్టి అదే కదులుతుంది, గాలి ఒత్తిడితో ముందు చక్రాలను రోడ్డుకు అదిమిపెట్టడానికి. ర్యాంపులు, ఎత్తయిన స్పీడ్ బ్రేకర్లు, పార్కింగ్ దిమ్మలు, అన్నీ దానికి శత్రువులే. నేను ర్యాంపు ఎక్కేటప్పుడు ఏటవాలుగా ఒక చక్రం ముందు ఎక్కిస్తాను. అయినా రెండుసార్లు గీరించాను. చక్రం రిమ్ము ఒకటి ఫుట్‌పాత్‌కు రాసుకున్నది కూడా నా ఘనకార్యమే. బానెట్, పైకప్పు, ఇంజిన్ నుంచి వెనక్కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్, ఇవన్నీ కార్బన్ ఫైబరే. బానెట్ మీద దెబ్బ తగిలితే సుత్తితో కొట్టి సర్దే పని కాదని గుర్తుంచుకోండి.

బ్రేకుల్లో రెండు రకాలు. మామూలు ఇనుప డిస్కులు, ఆప్షన్‌గా కార్బన్ సిరామిక్. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో సిరామిక్ అని గొప్పగా రాస్తారు. ట్రాక్ మీద వాటికి తిరుగులేదు. మన వాడకానికి ఇనుపవి ఎక్కువే. సిరామిక్ డిస్కు మార్చాల్సి వస్తే ఆ బిల్లు చూసి కారు అమ్మేద్దామనిపిస్తుంది. ఉన్న కారే నచ్చితే డిస్కు అంచుల్లో పెచ్చులు లేచాయేమో దగ్గరుండి చూడండి. పెడల్‌కు, బ్రేకులకు మధ్య ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉంటుంది కాబట్టి తొక్కినప్పుడు మొదట్లో కాస్త వింతగా ఉంటుంది, వారంలో అలవాటవుతుంది.

ఏ ఏడాది మోడల్ మంచిదని తర్జనభర్జన పడకండి. 2020 మోడల్ నుంచి టచ్ స్క్రీన్, మెరుగైన కన్సోల్ వచ్చాయి. పాతవాటిలో స్క్రీన్‌ను బిళ్ళ తిప్పే వాడాలి, కొంచెం నిదానం. నాకు ఎప్పుడూ అదొక లోటుగా అనిపించలేదు. 2023లో హెడ్‌లైట్లు మారాయి, వెనక రెండు క్లచ్‌లతో పనిచేసే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు శక్తిని పంచే భాగం) తీసేసి మెకానికల్‌ది పెట్టారు. మీరు చూస్తున్న 2018 కారులో ఉండేది పాత రెండు క్లచ్‌లదే. మలుపులో బయటి చక్రానికి ఎక్కువ టార్క్ పంపి ముక్కును లోపలికి తిప్పుతుంది, పనితనానికి వంక పెట్టలేం. దాని ఆయిల్ మార్చారా లేదా అని మాత్రం సర్వీస్ కాగితాల్లో వెతకండి. యూరప్‌లో లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్‌గా మొదట్లో ఆరు గేర్ల మాన్యువల్ కూడా అమ్మారు. 2015లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో 7 నిమిషాల 39 సెకన్ల ల్యాప్ తీసింది అదే. మరుసటి ఏడాది ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో ఆల్ఫా టెస్ట్ డ్రైవర్ ఫాబియో ఫ్రాన్సియా దాన్ని 7:32కి దించాడు. రోజువారీ ట్రాఫిక్‌కు ఆటోమేటిక్కే తీసుకోండి. స్టీరింగ్ వెనక ఉండే, గేర్లు మార్చే పెద్ద అల్యూమినియం ప్యాడిళ్ళు చేతికి చల్లగా తగులుతూ, నొక్కినప్పుడు గట్టిగా క్లిక్ మంటాయి. నాకు మాన్యువల్ లేని లోటు తీర్చింది అవే.

ముందు చక్రాల పైన ఫెండర్ మీద తెల్ల త్రికోణంలో ఆకుపచ్చ నాలుగాకుల గుర్తు ఉంటుంది, క్వాడ్రిఫోలియో అంటే అదే అర్థం. 1923 టార్గా ఫ్లోరియో రేసుకు ఆల్ఫా డ్రైవర్ ఊగో సివోచ్చి తన కారు మీద అదృష్టం కోసం తెల్ల పలకలో ఈ ఆకు వేయించుకుని గెలిచాడు. అదే ఏడాది మోంజా రేస్ ట్రాక్‌లో ఆ గుర్తు లేని కారు పరీక్షిస్తూ చనిపోయాడు. అప్పటి నుంచి నాలుగు మూలల పలక పోయి మూడు మూలలదైంది. కొత్తవాళ్ళు ఎవరు కారు ఎక్కినా ఈ కథ చెప్పకుండా వదలను, మా ఇంట్లోవాళ్ళకు విసుగొచ్చేసింది.

ఇక మీరు చూసిన కారు. 2018ది కాబట్టి రీకాల్ పనులు (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలిచి చేసేవి) ఏమైనా మిగిలాయేమో చాసిస్ నంబర్ ఇచ్చి ముందే కనుక్కోండి. రెండు తాళాలూ ఉన్నాయా, ఏటా ఆయిల్ మార్చిన బిల్లులు ఉన్నాయా చూడండి. బిల్లుల్లో ఒక ఏడాది ఖాళీ ఉంటే ఎందుకని అడగండి, జవాబు తడబడితే బేరం అక్కడితో ఆపేయండి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవేనా, వెనకవి రెండూ ఒకే వయసువేనా చూడండి. ఇంత ఖరీదైన కారుకు చవక టైర్లు వేసినవాడు ఇంకెక్కడెక్కడ పొదుపు చేశాడో మనకు తెలియదు. లిఫ్ట్ మీద ఎత్తించి స్ప్లిటర్ కింది భాగం చూడండి. డయాగ్నస్టిక్ కంప్యూటర్ తగిలించి పాత కోడ్లు చూడండి, అన్నీ ఒకే తేదీన వచ్చి ఉంటే బ్యాటరీ కథే అయ్యుండొచ్చు. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచిన కారైతే, ఎంత తక్కువకు ఇచ్చినా నేనైతే తీసుకోను.

కాపురం చేసే కళ కాలు తొక్కిన నాడే తెలుస్తుందంటారు, ఈ కారుకు అది కోల్డ్ స్టార్ట్, అంటే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చెయ్యడం. పొద్దున్నే వస్తున్నానని, మీరు వెళ్ళేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ఓనర్‌కు ముందు రోజే చెప్పండి. వెళ్ళగానే పలకరింపుల మధ్య ఊరికే చేత్తో బానెట్ తాకి చూడండి. చల్లగా ఉంటే కూర్చుని బటన్ నొక్కండి. వెచ్చగా ఉంటే టీ తాగి, మర్నాడు మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేయండి.